కాయిల్ మీద కట్టిన రాయి

ఇదిగో అమ్మాయ్, ఇలా వచ్చి దీన్ని పట్టుకు చూడు. గీజర్ బాగుచేసే అబ్బాయి విప్పి పక్కన పెట్టిన కాయిల్ ఇది. పారేస్తానంటే నేనే వద్దన్నాను. లోహమన్నది ఎక్కడైనా కనపడుతోందా? వంపు వంపుకీ బూడిదరంగు పెచ్చు. గోటితో గీకితే రాదు, చాకు మొన పెట్టి నొక్కితే పలకలుగా ఊడుతుంది. ఊడిన ముక్కని అడ్డంగా విరిచి వెలుతురులో చూడు. పొర మీద పొర. మనం స్నానాలకి స్విచ్చి వేసినప్పుడల్లా ఇంత చొప్పున పేరుకుంటూ వచ్చింది. ఇదిగో, ఈ చివర పైతొడుగు నిలువునా చీలింది. ఇక్కణ్ణుంచే కరెంటు నీళ్ళలోకి దిగి మెయిన్ ట్రిప్పయింది. "ఉప్పు పట్టిందండీ, మీ ఊరి నీళ్ళంతే" అని కొత్త కాయిల్ బిగించి వెళ్ళాడా అబ్బాయి.

అది ఉప్పు కాదు తల్లీ. ఉప్పయితే నీళ్ళలో కరిగిపోవాలి కదా, నీళ్ళలోనే ఇన్నాళ్ళూ ఎలా నిలిచింది? వంటింట్లోంచి ఒక నిమ్మచెక్క తెచ్చి ఆ పలక మీద నాలుగు చుక్కలు పిండు. చెవి దగ్గర పెట్టుకో. సన్నగా చిరచిరమంటోంది కదూ? తెల్లటి నురగ వస్తోంది. ఆ బుడగల్లో ఉన్నది బొగ్గుపులుసు వాయువు, గోలీసోడాలో ఉండేదే. పులుపు తగలగానే ఇలా పొంగే రాయి మన చుట్టుపక్కల ఏముందో నీకు తెలుసు. సున్నపురాయి. కాయిల్ మీద కట్టింది కూడా చాలా మటుకు అదే, కాల్షియం కార్బొనేట్. కొంచెం మెగ్నీషియం, కాస్త తుప్పు కలిసి ఆ రంగు వచ్చింది.

ఈ రాయిని జగ్గయ్యపేట వైపు వెళ్తూ నువ్వు ఎన్నోసార్లు చూశావు. ముక్త్యాలలో కేసీపీ వాళ్ళు, జయంతిపురంలో రామ్‌కో వాళ్ళు సిమెంటు ఫ్యాక్టరీలు పెట్టింది దీనికోసమే. కృష్ణకి ఈ గట్టునా ఆ పల్నాటి గట్టునా భూమి కింద పరుపులు పరుపులుగా ఉంది. మన పాత ఇళ్ళలో నేల మీద పరిచిన నాపరాళ్ళూ ఈ జాతివే. జగ్గయ్యపేటలో బౌద్ధ స్తూపం ఉంది చూడు, 1882లో జేమ్స్ బర్జెస్ అనే దొర తవ్వించినది, దాని పలకలూ సున్నపురాయే. మాంధాత చక్రవర్తి నిలబడి ఉంటే పైనుంచి నాణేలు కురుస్తున్న శిల్పం అక్కడ దొరికింది. ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. రెండు వేల ఏళ్ళ నాడు చెక్కిన మనిషి ఉలి గీత ఇంకా చెక్కుచెదరలేదు. చాలామంది దాన్ని పాలరాయి అంటారు గానీ కాదు.

అదే రాయిని కాలిస్తే ఏమవుతుంది? దాదాపు 900 డిగ్రీల వేడిలో బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోయి సున్నం మిగులుతుంది. ఏటికి అవతల అమరావతిలో జరిగిన ఘోరం ఇదే. బేతవోలుకి తండ్రి పేరు కలిసొచ్చేలా జగ్గయ్యపేట అని పేరు పెట్టిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారి కాలంలోనే అమరావతి దిబ్బ తవ్వారు. 1797లో కాలిన్ మెకెంజీ వచ్చి చూశాడు. ఆ తరవాతి కాలంలో శిల్పాలున్న పలకల్ని ఎన్నిటినో ఇళ్ళ సున్నం కోసం బట్టీలో వేసి కాల్చేశారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. గోడకి వేసిన ఆ సున్నం గాలిలో బొగ్గుపులుసు వాయువుని మళ్ళీ పీల్చుకుని తిరిగి రాయే అయింది, కానీ బొమ్మ పోయింది.

మన చందర్లపాడు కింద జగ్గయ్యపేట వైపున్నంత సున్నపురాయి పరుపు లేదు. మనది నల్లరేగడి. అయినా బోరు నీళ్ళు ఇలా ఎందుకున్నాయంటావా? రేగడి చేలో గుంట తవ్వినప్పుడు చూడు, కొద్ది లోతులోనే తెల్ల తెల్లటి సుద్ద గడ్డలు తగులుతాయి. అవీ కాల్షియం కార్బొనేటే. కంది, పత్తి, మిరప వేళ్ళన్నీ ఆ మట్టిలోనే ఊపిరి తీస్తాయి. కోట్లకొద్దీ సూక్ష్మజీవులూ అంతే. అవన్నీ వదిలే బొగ్గుపులుసు వాయువు మట్టి రంధ్రాల్లో నిలిచిపోతుంది. పైన గాలిలో అది నూటికి 0.04 వంతే ఉంటే, మట్టిలో ఒక వంతుకి పైగా కూడా ఉండొచ్చు. వాన నీరు దాంట్లోంచి దిగుతూ ఆ వాయువుని కలుపుకుని పుల్లనవుతుంది. మన నాలిక్కి తెలిసేంత పులుపు కాదు, రాయికి తెలిసేంత.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. స్వచ్ఛమైన నీళ్ళలో సున్నపురాయి వేస్తే లీటరుకి పదిహేను మిల్లీగ్రాములు కూడా కరగదు. ఆ వాయువు కలిసిన నీళ్ళలో అయితే కొన్ని వందల మిల్లీగ్రాములు కరుగుతుంది. కాల్షియం కార్బొనేట్ కాస్తా కాల్షియం బైకార్బొనేట్ అయిపోతుంది. చూడ్డానికి నీళ్ళు తేటగా, అద్దంలో చూసినంత స్పష్టంగా ఉంటాయి. అందులో రాయి ఉందని గ్లాసు ఎత్తి చూసినవాడు ఎవడూ అనుకోడు. బోరులోంచి పంపు పైకి లాగేది ఆ నీళ్ళనే.

కరిగించింది వాయువు కదా, మరి ఆ వాయువుని వెళ్ళగొడితే? రాయి మళ్ళీ రాయవుతుంది. ఇంట్లో అది వెళ్ళిపోయే మార్గాలు ముఖ్యంగా రెండు. నీళ్ళని కాచడం, నీళ్ళని ఆరబెట్టడం. ఇంట్లో ఈ నీళ్ళ వల్ల పాడయ్యే వస్తువు ఏదన్నా చెప్పు, అది ఈ రెండు పనుల్లో ఒకటి చేసేదే అయి ఉంటుంది. గీజర్, హీటర్ రాడ్, ఇస్త్రీ ఆవిరి పెట్టె, వేడి నీళ్ళతో ఉతికే వాషింగ్ మెషిన్ కాచేవి. కూలర్, షవర్ చిల్లులు, కుళాయి మూతి, చేలో డ్రిప్ పైపులు ఆరేవి. మిగతా నీళ్ళతో పేచీ లేదు. మొక్కలకి పోసే నీళ్ళు, గేదెలు తాగే నీళ్ళు, అంట్లు తోమే నీళ్ళు, బాత్‌రూములో ఫ్లష్ నీళ్ళు, వీటన్నిటినీ ఎందుకు మార్చాలి? ఇంటి మొత్తానికీ పెద్ద ప్లాంటు పెట్టిస్తామని వచ్చేవాళ్ళతో నాకు పడనిది అందుకే. రాయి నీళ్ళని విడిచి బయటికొచ్చే ఆ నాలుగైదు చోట్లే కాచుకుంటే చాలు.

కాచే చోటు లెక్క చూద్దాం. లీటరుకి 400 మిల్లీగ్రాముల కాఠిన్యం, అంటే కరిగి ఉన్న రాయి, ఉందనుకో. మన ఇంట్లో అందరికీ కలిపి రోజుకి 60 లీటర్లు గీజర్ గుండా పోతాయనుకో. అంటే రోజుకి 24 గ్రాముల రాయి ఆ ట్యాంకులోంచి నడిచి వెళ్తోంది. అందులో పదో వంతు అక్కడే ఆగిపోయినా రోజుకి రెండున్నర గ్రాముల దాకా. ఏడాది తిరిగేసరికి కిలోకి కాస్త తక్కువ. గీజర్ అడుగున గులక పోసినట్టు చప్పుడవడం, నీళ్ళు కాగేటప్పుడు పటపట మోగడం అందుకే.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే విషయం ఒకటుంది, శ్రద్ధగా విను. పెచ్చు కడితే కరెంటు బిల్లు విపరీతంగా పెరుగుతుందంటారు. కాయిల్ నీళ్ళ మధ్యలో మునిగి ఉంటుంది కదా, దాంట్లో పుట్టిన వేడి నీళ్ళలోకి కాక ఎక్కడికి పోతుంది? ఆలస్యంగానైనా అక్కడికే చేరుతుంది. కాబట్టి బిల్లు పెద్దగా మారదు. చచ్చేది కాయిల్. రాగితో పోలిస్తే ఈ పెచ్చు వేడిని నూరో వంతైనా పంపదు. మే నెలలో మనిషికి రగ్గు కప్పి పడుకోబెట్టినట్టు ఉంటుంది దాని పని. లోపలి వేడి బయటికి పోలేక కాయిల్ కాగిపోయి, వ్యాకోచించి, చివరికి పైతొడుగు చీలుతుంది. అదే బయటినుంచి మంట పెట్టే కాగు సంగతి వేరు. నాన్నమ్మ పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచిన రాగి కాగు అడుగు లోపల చెయ్యి పెట్టి చూడు, అరంగుళం మందాన గరుకుగా తగులుతుంది. అక్కడ వేడి లోపలికి రాలేక పక్కలనుంచి పొగతో పోతుంది. కట్టెలు నిజంగానే ఎక్కువ కాలతాయి. గ్యాసు స్టవ్ మీద గిన్నె అయినా అంతే.

అందుకని గీజర్‌కి నేను చెప్పే మొదటి మందు ఖర్చు లేనిది. వేడి తిప్పే బిళ్ళని తగ్గించు. నీళ్ళు 60 డిగ్రీలు దాటిన కొద్దీ రాయి గబగబా దిగుతుంది. 75 డిగ్రీల దాకా కాచి, అందులో చన్నీళ్ళు కలుపుకుని పోసుకోవడం దేనికి? 50, 55 దగ్గర పెట్టుకుంటే బకెట్టుకి చాలు. ఏడాదికోసారి మెయిన్ ఆపించి, మెకానిక్ చేత అడుగు విప్పించి, పేరుకున్నది కడిగించాలి. అప్పుడే లోపల యానోడ్ రాడ్ అని ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది, అది ఎంత మిగిలిందో చూడమనాలి. ట్యాంకు తుప్పు పట్టకుండా ఆ కడ్డీ తాను కరిగిపోతూ కాస్తుంది. అది పూర్తిగా అరిగిపోయాక తుప్పు ట్యాంకుని పట్టుకుంటుంది. ఇంత ఉపకారం చేసే కడ్డీ ఒకటి లోపల ఉందని చాలా ఇళ్ళలో తెలియదు.

మళ్ళీ బిగించాల్సిన కాయిల్ అయితే పెచ్చుని సుత్తితో, చాకుతో కొట్టకూడదు. తొడుక్కి గాటు పడుతుంది. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది, అదే సిట్రిక్ ఆమ్లం. లీటరు గోరువెచ్చటి నీళ్ళలో ఒక యాభై గ్రాములు కలిపి నానబెడితే బుడగలొచ్చి మెత్తబడుతుంది. వెనిగర్ అయినా సరే. నాన్నమ్మ "చింతపండు పెట్టి రుద్దవే" అంటుంది. రాగి, ఇత్తడి మీద చిలుము పోవడానికి చింతపండుని మించింది లేదు, అందులో ఆవిడ మాటకి తిరుగులేదు. కానీ సున్నప్పెచ్చుకి అది అంతగా పనికిరాదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం కాల్షియంతో కలిసి, నీళ్ళలో సరిగా కరగని ఇంకో లవణమై అక్కడే కూర్చుంటుంది.

బాత్‌రూము కడిగే యాసిడ్ మాత్రం ముట్టుకోవద్దు. ఆ సీసాలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కుళాయి మీది మెరుపు పూతని తినేస్తుంది. అంతకన్నా ముఖ్యం, మన నేల. నాపరాయి కూడా సున్నపురాయే అన్నాను కదా, తెల్ల చార పోగొట్టాలని యాసిడ్ పోస్తే చారతో పాటు బండా పొంగి కరుగుతుంది. వరండాలో తులసికోట పక్క బండ చూడు, నునుపు పోయి గుంటలు పడి ఎలా ఉందో. అది ఎవరో పండక్కి యాసిడ్ పోసి కడిగిన గుర్తు. ఇంకో మాట, ప్రాణానికి సంబంధించింది. యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఒకే చోట ఎప్పుడూ కలపకు. క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్‌రూములో అది మనిషిని పడగొట్టేస్తుంది.

ఇక సబ్బు. ఇది కాచడమూ కాదు, ఆరడమూ కాదు, మూడో గొడవ. సబ్బు సోడియం లవణం. నీళ్ళలో కాల్షియం కనపడగానే సోడియాన్ని వదిలి దాన్ని పట్టుకుంటుంది. కాల్షియం సబ్బు నీళ్ళలో కరగదు. బకెట్టు అంచున బూడిదరంగు జిడ్డుగా, తలలో అట్టగా, తెల్ల చొక్కాకి మసకగా మిగులుతుంది. నీళ్ళలో ఉన్న కాల్షియమంతా ఇలా సబ్బుని తినేశాక గానీ నురగ మొదలవదు. థామస్ క్లార్క్ అనే స్కాట్లండు ఆయన నీటి కాఠిన్యాన్ని కొలిచింది సరిగ్గా ఈ పద్ధతిలోనే, నురగ నిలబడటానికి ఎంత సబ్బు నీళ్ళు పట్టిందో లెక్కగట్టి. నువ్వూ చేసి చూడొచ్చు. రెండు ఒకేలాంటి సీసాలు తీసుకో. ఒకదాన్లో వాన నీళ్ళు, రెండోదాన్లో బోరు నీళ్ళు, సగం దాకా పొయ్యి. ఒంటి సబ్బు తురుము నీళ్ళలో కలిపి రెండిటిలోనూ చుక్క చుక్కగా వేస్తూ మూత పెట్టి కుదుపు. వాన నీళ్ళ సీసాలో నాలుగు చుక్కలకే నురగ మూత దాకా వస్తుంది. బోరు సీసాలో ముందు పాలు విరిగినంత తెల్లగా మారి, పైన తెట్టు తేలుతుంది. అద్దంలో చూపించినట్టు నీకు కనపడేది ఆ కాల్షియమే.

కుంకుడుకాయ రసం మాత్రం బోరు నీళ్ళలోనూ బాగానే నురగ ఇస్తుంది. అందులో నురగ తెచ్చే సాపోనిన్లకి సబ్బుకున్నట్టు సోడియంతో ముడి లేదు కాబట్టి కాల్షియం వాటిని విరగ్గొట్టలేదు. ఆదివారం తలంటికి నాన్నమ్మ కుంకుళ్ళే కొట్టమంటే విసుక్కోకు. ఈ నీళ్ళకి అంతకన్నా సరిపడేది లేదు. బట్టలకి చౌడు మట్టి పెట్టి ఉబ్బ వేసేవాళ్ళు మన ఊరి రజకులు. చౌటిలో సోడియం కార్బొనేట్ ఉంటుంది, దాన్నే కొట్లో బట్టల సోడా అంటాం. అది నీళ్ళలో పడగానే కాల్షియాన్ని సుద్దపొడిగా దింపేస్తుంది. దిగిపోయిన కాల్షియం సబ్బు జోలికి రాలేదు. ఇప్పటి డిటర్జెంట్ పొడుల్లోనూ ఆ సోడా ఉంటుంది. పేరు, ప్యాకెట్టు కొత్తవి గానీ పని చాకిరేవు నాటిదే.

వాషింగ్ మెషిన్‌కి చన్నీళ్ళ ఉతుకు మంచిది. లోపల హీటర్ వెలగకపోతే పెచ్చు కట్టదు. నీళ్ళు వచ్చే పైపు చివర చిన్న జాలీ ఉంటుంది, నెలకోసారి విప్పి పళ్ళ బ్రష్షుతో తోముకోవాలి. నీళ్ళు నెమ్మదిగా వస్తున్నాయని ఫిర్యాదు చేసే ముందు చూడాల్సింది అదే. అప్పుడప్పుడు బట్టల్లేకుండా నిమ్మ ఉప్పు వేసి ఖాళీగా తిప్పడం మంచిదే, ఎంత వెయ్యాలో మెషిన్‌తో వచ్చిన పుస్తకం చూసి.

కందిపప్పు సంగతి చెప్పకపోతే అమ్మ ఊరుకోదు. బోరు నీళ్ళతో పప్పు ఒక పట్టాన ఉడకదు. పప్పు గింజలో కణాల్ని అంటిపెట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. కాల్షియం వెళ్ళి దాన్ని ఇంకా గట్టిగా బిగిస్తుంది. ఎన్ని కూతలు రానిచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. చిటికెడు తినే సోడా వేస్తే మెత్తబడుతుంది గానీ అందులో బి విటమిన్ కొంత పోతుంది. అందుకే పూర్వం ఇంట్లో నీళ్ళున్నా పప్పుకి, కాఫీకి ఏటి నీళ్ళు కావిళ్ళతో తెప్పించుకునేవాళ్ళు. గుడిమెట్ల, కాసరబాద ఏటి ఒడ్డు ఊళ్ళు, వాళ్ళకి ఆ పాట్లు లేవు. వరద వచ్చినప్పుడు కృష్ణ నీళ్ళు బురదగా ఉన్నా మెత్తన, ఎందుకంటే అది చాలా మటుకు నేల మీంచి జారి వచ్చిన వానే. ఎండాకాలం ఏరు సన్నబడ్డాక అందులోకి ఊరేది భూమిలోంచి వచ్చిన నీళ్ళు, కాబట్టి కాఠిన్యం పెరుగుతుంది. ఏటూరు దగ్గర కృష్ణలో కలిసే మన మున్నేరుదీ అదే తీరు.

ఆరే చోటికి వద్దాం. కూలర్ ఒక్కటి చెప్తాను, మిగతావన్నీ నీకే తెలుస్తాయి. ఏటి అవతల రెంటచింతల ఎండలకి పేరు పడింది, మనవీ తక్కువేం కాదు. పెద్ద కూలర్ అయితే ఆ ఎండల్లో రోజుకి 50 లీటర్లు ఆవిరి చేస్తుందనుకో. ఆవిరిలో ఒక్క నీరే పోతుంది, రాయి పోదు. 50 లీటర్లలో 400 మిల్లీగ్రాముల చొప్పున 20 గ్రాములు. నెలకి 600 గ్రాములు ఆ గడ్డిలోనే చిక్కుకుంటుంది. మనం ఏం చేస్తాం? తొట్టిలో నీళ్ళు తగ్గాయని పైనుంచి పోస్తూ ఉంటాం. తొట్టిలో మిగిలిన నీళ్ళు రోజు రోజుకీ చిక్కనవుతాయి. గడ్డి గట్టిపడి గాలి దూరదు, పంపు పట్టేస్తుంది. రెండు మూడు రోజులకోసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి కొత్త నీళ్ళు పట్టడం, అంతే చెయ్యాల్సింది. దోమపిల్లలూ పోతాయి. చేలో డ్రిప్ కూడా ఇంతే. లేటరల్ పైపు చిల్లు దగ్గర నీటి బొట్టు ఆరి ఆరి మూసుకుపోతుంది. అందుకే మిరప రైతులు సీజనులో యాసిడ్ పంపి పైపులు కడుగుతారు. గ్లైఫోసేట్ కలుపు మందు ఈ నీళ్ళలో కలిపితే కాల్షియంతో ముడిపడి పదును తగ్గుతుందని కూడా రైతులకి ఎవరో ఒకరు చెప్పాలి. మందు పనిచేయలేదని మోతాదు పెంచుకుంటూ పోవడం కన్నా ఆ మాట తెలియడం మేలు.

ఇన్వర్టర్ బ్యాటరీలో, ట్రాక్టర్ బ్యాటరీలో ఈ నీళ్ళు ఒక్క చుక్క కూడా పోయకూడదు. బంకులో అమ్మే డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. రేడియేటర్‌లోనూ బోరు నీళ్ళు వద్దు, కూలెంట్ పొయ్యాలి.

తాగితే ఏమవుతుందని నువ్వు అడుగుతావని తెలుసు. మన దేశంలో తాగే నీళ్ళకి ఐఎస్ 10500 అనే ప్రమాణం ఉంది, 2012లో సవరించారు. దాని ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు మించకుండా ఉంటే మంచిది. వేరే దిక్కు లేకపోతే 600 దాకా తాగొచ్చు. కాల్షియం, మెగ్నీషియం ఒంటికి కావలసినవే. కాఠిన్యానికి ఆరోగ్యం దృష్ట్యా హద్దు పెట్టాల్సిన అవసరం ప్రపంచ ఆరోగ్య సంస్థకి కనపడలేదు. నీళ్ళలో సున్నముంది కాబట్టి కిడ్నీలో రాళ్ళొస్తాయన్న భయం మన వైపు బాగా ఉంది. గీజర్‌లో రాయి కట్టిందని ఒంట్లోనూ కడుతుందనుకోవడమే దానికి మూలం. ఒంట్లో 75 డిగ్రీల వేడి ఎక్కడుంది? ఎక్కువ మందిలో రాళ్ళకి దారి తీసేది మండే ఎండలో సరిగా నీళ్ళు తాగకపోవడం. మన జిల్లాలోనే ఏ.కొండూరు తండాల్లో మనుషుల్ని తినేస్తున్న కిడ్నీ జబ్బుని దీంతో కలపకు. అది రాళ్ళ జబ్బు కాదు, దానికి కారణం సున్నమని ఎవరూ తేల్చలేదు. వాళ్ళకి కావాల్సింది మంచి నీళ్ళూ వైద్యమూ, మన ఊహలు కాదు.

నీళ్ళలో నిజంగా భయపడాల్సింది కంటికీ నాలిక్కీ తెలియని ఫ్లోరైడ్‌కి. దాని హద్దు ఒక మిల్లీగ్రాము, తప్పనిసరైతే ఒకటిన్నర. మన దేశంలో మొదట దాన్ని గుర్తించింది నెల్లూరు జిల్లాలో, 1937లో. తరవాత నల్లగొండ పేరు లోకమంతా తెలిసింది. కాఠిన్యం కాస్త కాచితే దిగుతుంది, ఫ్లోరైడ్ దిగదు. కాచి చల్లార్చిన నీళ్ళు కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

ఆర్ఓ పెట్టుకోవచ్చా అంటే, తాగడానికి అవసరమైన చోట పెట్టుకోవచ్చు. 2014లో ప్రభుత్వం ఎన్టీఆర్ సుజల స్రవంతి అని 20 లీటర్లు రెండు రూపాయలకి ఇవ్వడం మొదలుపెట్టినప్పటినుంచీ పల్లెల్లో టిన్ను నీళ్ళు అలవాటయ్యాయి. కానీ ఇంటి ఆర్ఓ ఒక లీటరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు బయటికి పారబోస్తుంది. టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగినవన్నీ కలిపిన లెక్క, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపున్న నీళ్ళకి ఆర్ఓ వాడొద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే అంది. పారబోసే నీళ్ళలో కాఠిన్యం ఇంకా ఎక్కువ, వాటితో బట్టలు ఉతక్కు. నేల తుడవడానికి, ఫ్లష్‌కి వాడుకో.

సాఫ్ట్‌నర్ వేరే యంత్రం. దాంట్లో చిన్న చిన్న రెసిన్ గింజలు కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతాయి. నిండిపోయాక ఉప్పు నీళ్ళు పోసి కడిగితే మళ్ళీ మొదటికొస్తాయి. 400 కాఠిన్యం ఉన్న నీళ్ళలో అది లీటరుకి 184 మిల్లీగ్రాముల సోడియం కలుపుతుంది. బీపీ ఉన్న నాన్నమ్మ తాగకూడదు, పెరట్లో మొక్కలకి పోయకూడదు. గీజర్‌కీ వాషింగ్ మెషిన్‌కీ వెళ్ళే ఒక్క పైపుకి పెట్టుకుంటే సరే. పైపుకి బయట అయస్కాంతం కడితే కాఠిన్యం పోతుందని ఒకాయన వచ్చి చెప్పాడు చూడు, దానికి నమ్మదగ్గ రుజువు లేదు. డబ్బు దండగ. నాకు ముచ్చటేసేది క్లార్క్ ఉపాయం. 1841లో పేటెంటు తీసుకున్నాడు. కాఠిన్యమున్న నీళ్ళలో లెక్క ప్రకారం తడిసున్నం కలిపాడు. రాయిని కరిగించిపెట్టిన బొగ్గుపులుసుని సున్నం లాగేసుకుంటుంది. నీళ్ళలో ఉన్న సున్నపురాయీ, కలిపిన సున్నమూ రెండూ సుద్దగా అడుక్కి దిగిపోతాయి. సున్నాన్ని సున్నంతోనే తీశాడు. పెద్ద పెద్ద నీటి ప్లాంట్లలో ఇప్పటికీ ఆ పద్ధతి ఉంది. ఇంట్లో మాత్రం చెయ్యొద్దు, మోతాదు తప్పితే నీళ్ళు ఘాటెక్కుతాయి.

ఏది కొనాలన్నా ముందు మన బోరులో ఏముందో తెలియాలి. టీడీఎస్ మీటరు చూపించే అంకెతో తెలియదు. వంటుప్పు కలిపిన నీళ్ళకీ సున్నం కలిసిన నీళ్ళకీ అది ఒకే అంకె చూపించొచ్చు. నీళ్ళ ల్యాబులో చేసే పరీక్ష వేరు. నీళ్ళలో ఒక రంగు చుక్క వేస్తారు, ద్రాక్షసారా ఎరుపులోకి మారుతుంది. బ్యూరెట్ అనే గీతల గొట్టం నుంచి, కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ పట్టేసే ఈడీటీఏ ద్రావణం చుక్క చుక్కగా వదులుతారు. ఒక చుక్క దగ్గర ఊదాగా తిరిగి, ఆ తరవాతి చుక్కకి నీలమైపోతుంది. కాల్షియం, మెగ్నీషియం మొత్తం చిక్కాయన్నమాట. రేపు నాన్నతో పాటు వెళ్ళి నీళ్ళ నమూనా ఇచ్చి రా. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు కాదు, పంపు వేసి పది నిమిషాలు వదిలాక బోరు దగ్గరే పట్టు. సీసాని ఆ నీళ్ళతోనే రెండు మూడు సార్లు తొలిచి, గాలి మిగలకుండా మూతి దాకా నింపు. కాఠిన్యం ఒక్కటే కాదు, కాల్షియం, మెగ్నీషియం, ఫ్లోరైడ్ విడివిడిగా రాసివ్వమని అడుగు. పంచాయతీ కుళాయి నీళ్ళు ఇంకో సీసాలో పట్టి, రెండిటి మీదా చీటీ అంటించు.